రహస్య నివేదికలూ, ఉపాధ్యాయ వృత్తీ

సర్వీసులో చేరేనాడు మనమందరం అటెస్టేషన్ ఫారం నింపి సంతకం పెట్టినవాళ్లమే. ఆ కాగితం ఆ తర్వాత ఎక్కడెక్కడ తిరిగిందో మనలో చాలామందికి తెలియదు. ఠాణా నుండి ఒక జవాను ఊళ్లోకి వచ్చి, రెడ్డినో కరణాన్నో (1984లో ఆ పదవులు రద్దయ్యేదాకా) అడిగి, "ఫలానావాడు ఏ పార్టీ?" అని తెలుసుకుని పోయేవాడు. ఆ ఒక్క వాక్యం మీద ఒక కుటుంబం అన్నం ఆధారపడి ఉండేది.

కమ్యూనిస్టు అన్న మాటకు ఆ రోజుల్లో ఉన్న బరువు మన అనంతపురం జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. తరిమెల నాగిరెడ్డి గారు కాశీ విశ్వవిద్యాలయంలో చదివినవారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధపు ఆర్థిక ప్రభావం గురించి ఒక చిన్న పుస్తకం రాసినందుకు జైలుకు వెళ్లారు. ఆయనే 1952లో తన బావ నీలం సంజీవరెడ్డి గారిని ఎన్నికల్లో ఓడించారు. ఆయనకు ఉద్యోగం లేదు కనుక తీసివేయడానికీ లేదు. పంతుళ్ల సంగతి అలా కాదు.

1970లో విరసం ఏర్పడ్డాక నిఘా కళాశాలల దాకా వచ్చింది. వరంగల్లులో వరవరరావు గారు, కావలి జవహర్ భారతిలో కె.వి. రమణారెడ్డి గారు అధ్యాపకులు. చెరబండరాజు గారు హైదరాబాదులో బడిపంతులు. 1974లో పెట్టిన సికింద్రాబాదు కుట్ర కేసులో ఈ ముగ్గురూ ముద్దాయిలే. కవితలూ, ఉపన్యాసాలూ అందులో నేరానికి సాక్ష్యాలయ్యాయి. 1989లో కేసు కొట్టివేసేనాటికి చెరబండరాజు గారు బతికి లేరు. పదిహేనేళ్లు వాయిదాలకు తిరిగిన మనిషికి నిర్దోషి అన్న తీర్పు ఏపాటి ఊరట? వారి రాజకీయాలు మనకు నచ్చాలన్న నియమం లేదు. పాఠం చెప్పుకునే మనిషిని చూడవలసిన తీరు ఇదేనా అన్నదే నా ప్రశ్న.

ఉద్యోగులకు అసలైన రక్ష 1983లో దొరికింది. మధ్యప్రదేశ్‌లో రఘువంశీ అనే ఉపాధ్యాయుడు ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యక్రమాల్లో పాల్గొన్నాడని పోలీసు నివేదిక రాగా, ప్రభుత్వం ఆయనను తొలగించింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. తీర్పు రాసినవారు మన తెలుగువారైన జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి గారు. ఉద్యోగానికి వచ్చినవాడి రాజకీయ విశ్వాసాల మీద పోలీసులను అడగడమే ప్రాథమిక హక్కుల మొదలు నరకడమన్నారు. అమెరికాలో మెకార్తీ కాలం నాటి వేటను గుర్తు చేశారు. సామ్యవాద దృక్పథం గలవారని పేరున్న న్యాయమూర్తి, ఎదుటి పక్షపు ఉపాధ్యాయుడి పక్షాన నిలిచారు. ఆ తీర్పు తర్వాత వామపక్షంవారికీ అక్కరకు వచ్చింది.

కమ్యూనిస్టులు పాలించిన చోట సంగతి ఏమిటంటారా? తూర్పు జర్మనీలో స్టాసీ అనే రహస్య పోలీసు శాఖ ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్ద ఎత్తున ఇదే పని చేసింది. రాబర్ట్ హావెమన్ అనే రసాయనశాస్త్ర ఆచార్యుడు స్వయంగా కమ్యూనిస్టు, హిట్లర్ కాలంలో మరణశిక్ష పడినవాడు. తన ఉపన్యాసాల్లో పార్టీని విమర్శించినందుకు 1964లో బెర్లిన్ హంబోల్ట్ విశ్వవిద్యాలయం నుండి ఆయనను తీసివేశారు. 1976 నుండి 1979 దాకా గృహనిర్బంధంలో ఉంచారు. వింతేమిటంటే, అంతకుముందు కొన్నేళ్లు ఆయనే స్టాసీకి సమాచారం అందించినట్లు తర్వాత ఫైళ్లలో బయటపడింది!

ఆ ఫైళ్లు పేర్చితే 111 కిలోమీటర్ల పొడవు. 1991 డిసెంబరులో చట్టం చేసి, 1992 జనవరి నుండి ఎవరి ఫైలు వారు చదువుకునే వీలు కల్పించారు. తన మీద రాసి పంపింది పక్క గది సహోద్యోగే అని తెలుసుకున్నవారు ఎందరో.

మనకు 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. అయితే దాని 24వ సెక్షను ఇంటెలిజెన్స్ బ్యూరో వంటి సంస్థలను మినహాయించింది. తమ తమ నిఘా శాఖలను మినహాయించే అధికారం రాష్ట్రాలకూ ఇచ్చింది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారం మాత్రం అడగవచ్చు. అంటే, ఆనాడు మన గురించి ఆ జవాను ఏం రాసుకుపోయాడో అడిగి తెలుసుకునే దారి మనకు ఇప్పటికీ ఇరుకే.