ముక్కు పోయినా కిరీటం వదలని చక్రవర్తి

రాజును చంపితే పాపం, వదిలేస్తే ప్రమాదం. ఈ చిక్కుకు తూర్పు రోమన్ సామ్రాజ్యం వెతుక్కున్న ఉపాయం ముక్కు కోయడం. కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా, గ్రీకు పాలనాభాషగా సాగిన ఆ రాజ్యాన్ని ఇప్పుడు బైజాంటైన్ సామ్రాజ్యం అంటున్నాం. చక్రవర్తి భూమ్మీద దేవుడి ప్రతినిధి కనుక ఆయన దేహంలో లోపం ఉండకూడదని అక్కడి నమ్మకం. అంధుడన్న కారణంతో ధృతరాష్ట్రుణ్ణి కాదని పాండురాజుకు పట్టం కట్టిన కథ తెలిసినవాళ్లకు ఇది వింతేమీ కాదు. తేడా ఒక్కటే: పుట్టుకతో రాని లోపాన్ని అక్కడ కత్తితో తెప్పించేవారు.

ఈ ఆచారం చక్రవర్తి దాకా వచ్చింది 641లో. హెరాక్లియస్ చక్రవర్తి చనిపోయిన ఏడాదే, పదిహేనేళ్ల కొడుకు హెరాక్లోనాస్‌ను గద్దె దించి ముక్కు కోశారు. అతని తల్లి మార్టినా నాలుక కోశారు. ఇద్దరినీ రోడ్స్ ద్వీపానికి పంపేశారు. నలభై ఏళ్ల తర్వాత, 681లో, అదే వంశానికి చెందిన నాలుగో కాన్‌స్టాంటైన్ తనతోపాటు కిరీటం పెట్టుకున్న ఇద్దరు తమ్ముళ్లకూ ముక్కులు కోయించాడు. గద్దె తన కొడుక్కే దక్కాలన్నది ఆయన కోరిక. ఆ కొడుకే రెండో జస్టీనియన్. బాబాయిల ముక్కులు పోయేనాటికి అతనికి పన్నెండేళ్లు. 685లో, పదహారో ఏట చక్రవర్తి అయ్యాడు.

జస్టీనియన్ చురుకైనవాడు, మొండివాడు. బంగారు నాణెం ముందువైపు క్రీస్తు ముఖాన్ని ముద్రించి, తన బొమ్మను వెనక్కి జరిపిన మొదటి చక్రవర్తి ఆయనే. 692లో చర్చి నియమాల కోసం పెద్ద మహాసభ జరిపించాడు. ఆ తీర్మానాలకు ఒప్పుకోని పోప్ సెర్గియస్‌ను పట్టి తెమ్మని మనిషిని పంపితే, ఇటలీలోని సైనికులే పోప్ పక్షాన నిలబడ్డారు. అదే ఏడాది సెబాస్టోపోలిస్ దగ్గర అరబ్బుల చేతిలో ఓడిపోయాడు. తాను కూడగట్టిన స్లావ్ సైనికులు యుద్ధం మధ్యలో శత్రువు వైపు దూకడమే కారణం. ఇంటి దగ్గర ఆయన కోశాధికారి స్టీఫెన్, పన్నుల అధికారి థియోడోటస్ జనాన్ని పీల్చి పిప్పి చేశారు. బాకీదారులను తలకిందులుగా వేలాడదీసి కింద పొగ పెట్టేవారని థియోఫానీస్ అనే చరిత్రకారుడు రాశాడు.

695లో అది పేలింది. చెరసాల నుంచి అప్పుడే బయటికొచ్చిన లియోంటియస్ అనే సేనాని తోటి ఖైదీలను విడిపించి తిరుగుబాటు లేవదీశాడు. రథాల పందేలు జరిగే హిప్పోడ్రోమ్‌లో, జనం చూస్తుండగా జస్టీనియన్ ముక్కు కోశారు. నాలుకా కోశారంటారు గానీ, ఆ తర్వాత కూడా ఆయన ఆజ్ఞలు జారీ చేస్తూనే ఉన్నాడు. క్రిమియాలోని ఖెర్సాన్ పట్టణానికి పంపించి, ఇక ఈయన పని అయిపోయిందనుకున్నారు. మూడేళ్లకు లియోంటియస్‌కూ అదే గతి పట్టింది. కార్తేజ్ అరబ్బుల వశమయ్యాక, ఓడిన నౌకాదళం అప్సిమార్ అనే అధికారిని చక్రవర్తిగా ప్రకటించింది. అతను టిబేరియస్ పేరుతో గద్దెనెక్కి లియోంటియస్ ముక్కు కోయించి మఠంలో పెట్టించాడు.

ఖెర్సాన్‌లో జస్టీనియన్ ఊరుకోలేదు. తిరిగి రాజ్యం తీసుకుంటానని బాహాటంగా చెప్పుకు తిరగడంతో, అక్కడివాళ్లు భయపడి రాజధానికి పట్టిద్దామనుకున్నారు. ఆయన ఖజార్ల దేశానికి పారిపోయాడు. వాళ్ల రాజు తన చెల్లెల్నిచ్చి పెళ్లి చేశాడు. ఆమెకు థియోడోరా అని పేరు పెట్టారు. కొన్నాళ్లకు అదే బావమరిది టిబేరియస్ లంచానికి లొంగి బావను చంపమని ఇద్దరు అధికారులను పురమాయించాడు. భార్య ముందే హెచ్చరించింది. జస్టీనియన్ ఆ ఇద్దరినీ ఒక్కొక్కరిగా పిలిచి తాడుతో ఉరి బిగించి, చేపల పడవలో నల్లసముద్రం దాటాడు. దారిలో తుఫాను పట్టింది. శత్రువులను క్షమిస్తానని మొక్కుకోమని ఒక సేవకుడు బతిమాలితే, వాళ్లలో ఒక్కణ్ణి వదిలినా దేవుడు నన్ను ఇక్కడే ముంచెయ్యాలని ఒట్టేశాడట.

బల్గార్ రాజు టెర్వెల్ ఇచ్చిన 15,000 మంది గుర్రపు దళంతో 705లో రాజధాని గోడల ముందు నిలిచాడు. మూడు రోజులు లోపలివాళ్లు ఎగతాళి చేశారు. రాత్రివేళ కొద్దిమందితో నీటి కాలువ గుండా ఊళ్లోకి దూరి నగరాన్ని పట్టేశాడు. టెర్వెల్‌కు సీజర్ బిరుదు దక్కింది. టిబేరియస్‌నూ లియోంటియస్‌నూ హిప్పోడ్రోమ్‌కు ఈడ్చుకొచ్చి, పందేలు చూస్తున్నంతసేపూ వాళ్ల మెడల మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. ఆపైన తలలు తీయించాడు. ఆయన పోయిన ముక్కు స్థానంలో బంగారు ముక్కు పెట్టుకున్నాడని తర్వాతి శతాబ్దపు ఇటలీ రచయిత ఆగ్నెల్లస్ రాశాడు.

పగే ఆయన్ని ముంచింది. తనను పట్టివ్వాలనుకున్న ఖెర్సాన్ మీదికి నౌకాదళాలను పంపితే, అవి అక్కడే తిరగబడి ఫిలిప్పికస్ అనే వ్యక్తిని చక్రవర్తిని చేశాయి. 711 చివర్లో జస్టీనియన్‌ను చంపి, తలను ఇటలీకి పంపి ఊరేగించారు. చర్చిలో తలదాచుకున్న ఆరేళ్ల కొడుకునూ బయటికి లాగి చంపారు. హెరాక్లియస్ వంశం అంతటితో ముగిసింది.

ముక్కు కోయడం ఆ తర్వాత సామాన్య నేరాలకు శిక్షగా చట్టంలో మిగిలింది కానీ, గద్దె దిగినవాళ్లకు కళ్లు తీయించడం ఆనవాయితీ అయింది. 713లో ఫిలిప్పికస్ కళ్లు పోయాయి. 797లో ఐరీన్ రాణి కన్నకొడుకు ఆరో కాన్‌స్టాంటైన్‌ కళ్లే తీయించింది. 1072లో రోమనస్ డయోజినీస్ ఆ గాయాలు కుళ్లి చనిపోయాడు. 1261 క్రిస్మస్ రోజున పదకొండేళ్ల నాలుగో జాన్ కళ్లు తీశారు. అదీ అన్నిసార్లూ పనిచేయలేదు. 1195లో అన్న చేతిలో కళ్లు పోగొట్టుకున్న ఐజాక్ ఏంజెలస్, 1203లో క్రూసేడర్ల సేన నగరం మీదికొచ్చినప్పుడు మళ్లీ సింహాసనమెక్కాడు.

గద్దెకు అడ్డుగా నిలిచింది ముక్కో కన్నో కాదు, వెనక సైన్యం లేకపోవడం. సైన్యం దొరికిన రోజున దేహంలో లోపం ఎవరికీ గుర్తు రాలేదు.