బాధకు రెండు గడులు: నడుంనొప్పి, కుంగుబాటు, సైనికుడి వైకల్య పింఛను

సైనికుల వైకల్య పింఛను మీద తెలుగులో రాసేవాళ్లు చాలావరకు ధరమ్‌వీర్ సింగ్ తీర్పు దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. 2013 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆ తీర్పు గొప్పదే. భర్తీ నాటి కాగితాల్లో ఏ రోగమూ నమోదు కానప్పుడు మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి. తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదంటే ఆ సంగతి రుజువు చేయాల్సింది జవాను కాదు. మెడికల్ బోర్డు కారణాలు రాసి తీరాలి. ఇవన్నీ అందులో తేలాయి. అయితే ఆ తీర్పు వేసుకున్న ప్రశ్న ఒక్కటే: రోగం ముందునుంచీ ఉందా, చేరాక వచ్చిందా? ఆ కేసులోని మూర్ఛలాంటి ఒంటరి జబ్బుకు ఆ ప్రశ్న సరిపోతుంది. ఒక జబ్బు కడుపున ఇంకో జబ్బు పుట్టినప్పుడు సరిపోదు. డ్యూటీలో నడుము దెబ్బతిని, ఏళ్ల తరబడి నొప్పి తగ్గక, నిద్ర కరువై, తిండి సయించక, చివరికి కుంగుబాటులో పడ్డ జవాను సంగతి మన వ్యాఖ్యాతలు పట్టించుకోలేదు. వాళ్లు వదిలేసిన చోటే ఈ వ్యాసం మొదలవుతుంది. నా వాదన ఇది: ఆ కుంగుబాటును కొత్త జబ్బుగా లెక్కగట్టడం తప్పు. పాత గాయమే నాలుగో ఏటనో ఐదో ఏటనో అక్కడికి చేరింది. గాయానికి సర్వీసుతో ఏ సంబంధం ఒప్పుకున్నారో, కుంగుబాటుకూ అదే ఒప్పుకోవాలి.

సైన్యం మనిషి ఆరోగ్యాన్ని ‘షేప్’ అనే మాటతో కొలుస్తుంది. ఆ ఇంగ్లిషు మాటలోని ఐదు అక్షరాల్లో మొదటిది మనసుది, రెండోది వినికిడిది, మూడోది కాళ్లూచేతులది, నాలుగోది శరీర దారుఢ్యానిది, చివరిది చూపుది. ఒక్కో అక్షరం పక్కన ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తారు. ఒకటి అంటే పూర్తిగా ఫిట్, ఐదు అంటే సర్వీసుకు పనికిరాడని. ఇక నడుము పట్టేసి రాత్రంతా మేలుకుని, తెల్లారి ఏ పనిమీదా మనసు నిలవని మనిషిని ఈ గడుల్లో ఎలా సర్దుతారో చూడండి. నడుము కాళ్లూచేతుల గడిలోకో దారుఢ్యం గడిలోకో పోతుంది. మేలుకున్న రాత్రి, నిలవని మనసు మొదటి అక్షరం కిందికి చేరతాయి. నడుమును ఎముకల డాక్టరు చూస్తాడు, మనసును మానసిక వైద్యుడు చూస్తాడు. సర్వీసు నుంచి దిగిపోయేటప్పుడు కూర్చునే విడుదల మెడికల్ బోర్డు కాగితంలోనూ అదే పద్ధతి: ఒక్కో వైకల్యానికి ఒక్కో వరుస, అది ఎప్పుడు, ఎక్కడ, ఏ యూనిట్‌లో మొదలైందో, సర్వీసు వల్ల కలిగిందా, సర్వీసు వల్ల ముదిరిందా, రెండూ కాదా అన్నది ఆ వరుసలోనే తేలాలి. రెండూ కాదంటే ఎన్‌ఏఎన్‌ఏ అని నాలుగు అక్షరాలు పడతాయి. ఒక వరుసకూ ఇంకో వరుసకూ ఉన్న చుట్టరికం రాసే అలవాటు బోర్డులకు లేదు. అందుకే నడుం వరుసలో ‘సర్వీసు వల్లే’ అని, దాని కింది వరుసలో కుంగుబాటుకు ఎన్‌ఏఎన్‌ఏ అని, ఒకే కాగితం మీద ఒకే సంతకాలతో పడుతుంటాయి.

ఈ చుట్టరికాన్ని నిబంధనలు బొత్తిగా ఎరగవని అనలేం. 1982 నాటి అర్హతా నియమాలకు తోడుగా మెడికల్ అధికారుల కోసం రాసిన మార్గదర్శిని ఒకటుంది. 2008లో సవరించిన ఆ పుస్తకంలో మానసిక రుగ్మతల మీద ఒక పేరా ఉంది. యుద్ధరంగం, ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లు, ఎత్తైన మంచు ప్రాంతాలు, ఏకాకి పోస్టులు, విపత్తుల్లో శవాల మధ్య చేసే పని: వీటిలో వచ్చిన మానసిక రుగ్మతను సర్వీసు వల్ల వచ్చినట్టే ఒప్పుకోమంటుంది. ఆ వెంటే, సర్వీసుతో సంబంధమున్న తీవ్ర గాయం తగిలిన ఏడాదిలోపు వచ్చిన రుగ్మతనూ ఒప్పుకోమంటుంది. ఉదాహరణలుగా చేయో కాలో తీసేయడం, కాళ్లు చచ్చుబడటం, తలకు బలమైన దెబ్బను చూపుతుంది. అంటే గాయం మనసును కుంగదీయగలదన్న సూత్రాన్ని ఈ పుస్తకమే ఒప్పుకుంది. చిక్కంతా అది ఎంచుకున్న ఉదాహరణల్లోనూ, పెట్టిన గడువులోనూ ఉంది. కాలు పోయిన మనిషికి దెబ్బ ఒక్కరోజులో తగులుతుంది. నడుం డిస్కు జారిన మనిషికి అలా కాదు. మొదటి ఏడాది మాత్రలతో, బెల్టుతో, తేలిక డ్యూటీతో, తగ్గిపోతుందన్న ఆశతో గడుస్తుంది. రెండో ఏడాది తాత్కాలిక లో మెడికల్ కేటగిరీ పర్మినెంట్ అవుతుంది. ప్రమోషన్ కోర్సుకు పేరు పోదు. తోటివాళ్లు రూట్ మార్చ్‌కు వెళ్తుంటే తను స్టోర్‌లో లెక్కలు రాస్తాడు. నొప్పి తగ్గదని అతనికి తెలిసివచ్చేసరికి గడువు దాటిపోతుంది. దీర్ఘకాలిక నొప్పి అన్న పేరు రావాలంటేనే అది మూడు నెలలకు పైగా ఉండాలని వైద్యశాస్త్రం చెబుతోంది. అలాంటిదాని పర్యవసానానికి దెబ్బ తగిలిన నాటినుంచి ఏడాది లెక్కగట్టడం నొప్పి నడిచే తీరు తెలియని లెక్క.

బోర్డులు కుంగుబాటును పుట్టుకతో వచ్చిన శరీరతత్వానికో, వంశానికో అంటగట్టడం వెనక ఒక పాత సిద్ధాంతం ఉంది. 1982లో అమెరికాలో బ్లూమర్, హైల్‌బ్రాన్ అనే ఇద్దరు ఒక వ్యాసం రాశారు. దీర్ఘకాలిక నొప్పి కుంగుబాటుకే మరో రూపమని, నొప్పికి లొంగే స్వభావమంటూ ఒకటి ఉంటుందని అందులో అన్నారు. ఆ స్వభావానికి చూపిన గుర్తులేమిటి? నొప్పి రాకముందు విరామం లేకుండా పనిచేయడం, మనసులోని కష్టం ఉన్నట్టే ఒప్పుకోకపోవడం, ఇంట్లో అంతా సవ్యంగా ఉందని చెప్పడం, ఒకరిమీద ఆధారపడటాన్ని సహించలేకపోవడం. ఈ జాబితాను మన కంటోన్మెంట్లలోకి తెచ్చి చదవండి. సైన్యం శిక్షణ ఇచ్చి, కొలిచి, పతకాలిచ్చి మరీ పెంచే గుణాలే ఇవి. ఏ రెజిమెంటల్ సెంటర్‌లోనైనా రిక్రూట్‌కు మొదట నేర్పేది అలసట దాచుకోవడమే. కష్టం చెప్పుకోవడం బలహీనత అని బారక్‌లో చేరిన మొదటి వారంలోనే వంటబడుతుంది. అలాంటి మనిషి ఇరవై ఏళ్లకు నడుం పట్టుకుని ఎమ్మై రూమ్ (యూనిట్ వైద్య పరీక్ష గది) ముందు నిలబడితే, పని మానని స్వభావమే రోగమూలం అనడం, సర్వీసు చేసినదాన్ని స్వభావం మీదికి నెట్టేయడమే. రెండేళ్లకే టర్క్, సలోవే ఈ సిద్ధాంతాన్ని గట్టిగా తూర్పారబట్టారు. పోల్చడానికి ఎంచుకున్న కీళ్లవాతం రోగుల దగ్గర్నుంచి నిర్వచనాల దాకా దేనికీ ఆధారం చాలదని చూపారు. అయినా ఆ సిద్ధాంతం చావలేదు. పేరు లేకుండా బోర్డు కాగితాల్లో బతుకుతోంది.

ఏది ముందు అన్న ప్రశ్నకు నేను ఎక్కువ విలువ ఇచ్చేది 1997లో ఫిష్‌బెయిన్ బృందం చేసిన సమీక్షకు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను వాళ్లు పలు ఊహలకు పెట్టి వడపోశారు. మన ప్రశ్నకు పనికొచ్చేవి వాటిలో మూడు: కుంగుబాటు ముందొచ్చి నొప్పి తెచ్చిందా, నొప్పి ముందొచ్చి కుంగుబాటు తెచ్చిందా, పాత కుంగుబాటు మచ్చలా మిగిలి నొప్పి తగలగానే మళ్లీ రేగిందా? మొదటిదానికి బలం దొరకలేదు. రెండోదానికి దొరికింది. మూడోదానికీ కొంత దొరికింది. ఈ మూడోదాన్ని చూసి సర్కారు తరఫువాళ్లు సంబరపడనక్కర్లేదు. పాత మచ్చ ఉన్నా, దాన్ని రేపింది సర్వీసు గాయమే కాబట్టి అది ‘సర్వీసు వల్ల ముదిరింది’ అన్న గడిలోకి సూటిగా వస్తుంది, పింఛనుకు ఆ గడి చాలు. మరుసటి ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ సమాచారంతో గురేజే బృందం ప్రచురించిన అధ్యయనం 14 దేశాల ప్రాథమిక వైద్య కేంద్రాలను చూసింది. వాటిలో మన బెంగళూరు ఒకటి. అక్కడికొచ్చిన రోగుల్లో దాదాపు 22 శాతం మందికి వదలని నొప్పి ఉంది. వాళ్లలో ఆందోళన లేదా కుంగుబాటు ఉండే అవకాశం మిగతావాళ్లకంటే సుమారు నాలుగు రెట్లు ఎక్కువ. పొలంలో, దుకాణంలో, ఇంట్లో ఉండే మామూలు మనుషుల లెక్క ఇది. విశ్రాంతి తన చేతిలో లేని, నొప్పి ఉందంటే కేటగిరీ పడిపోయే సైనికుడిలో ఆ బంధం ఇంకా బిగుసుకుంటుందే తప్ప సడలదు. 2011లో క్రోంకే బృందం నొప్పి, కుంగుబాటు ఒకదాన్నొకటి సమానంగా పెంచుకుంటాయని చూపిన మాట నిజమే కానీ, వాళ్లు చూసిన రోగుల్లో నొప్పి అప్పటికే పాతుకుపోయి ఉంది కాబట్టి మొదటి అడుగు ఎవరిదన్న మన ప్రశ్నకు అది జవాబు కాదు.

తెలుగువాడికి ఈ విభజన మరీ కృతకం. మన భాషలో ‘బాధ’ ఒక్కటే మాట. మోకాలూ బాధపెడుతుంది, కూతురు పెళ్లి కుదరకపోయినా బాధే. నడుమూ నొస్తుంది, మనసూ నొచ్చుకుంటుంది. శ్రీకాకుళం కుర్రాడో, మిలటరీ ఊరుగా పేరుపడ్డ పశ్చిమ గోదావరి మాధవరం మనిషో ‘బాధగా ఉంది సార్’ అన్న భావాన్నే హిందీలోకి మార్చుకుని ‘దర్ద్’ అంటాడు. డాక్టరు దాన్ని ఇంగ్లిషులో నొప్పి అని రాసుకుంటాడు. రెండు మెట్లు దిగేసరికి బాధలో సగం రాలిపోతుంది. ఆ రాలిపోయిన సగమే మూడేళ్ల తర్వాత మానసిక వైద్యుడి ముందు తేలుతుంది, అప్పుడు బోర్డు ‘ఇదివరకు ఈ ఫిర్యాదు లేదు’ అంటుంది. ఫిర్యాదు మొదటి రోజునుంచీ ఉంది.

ఎదుటివాళ్ల దగ్గర గట్టి ఆయుధం 2019 నాటి నర్సింగ్ యాదవ్ తీర్పు. మానసిక రుగ్మతలు భర్తీ పరీక్షలో బయటపడవు, కాబట్టి తర్వాత బయటపడినంత మాత్రాన పింఛను హక్కు రాదు అన్నది దాని సారం. ఆ కేసు స్కిజోఫ్రీనియాది, సర్వీసు కొద్ది కాలానిది, దానికి ముందు నడిచిన శరీర గాయమేదీ చర్చలో లేదు. గాయం వెంట వచ్చిన కుంగుబాటుకు ఆ తర్కం అతకదు. భర్తీనాడు డాక్టరు వెతికినా దొరకదనే మాట, అప్పటికి ఇంకా పుట్టనిదానికి ఎలా వర్తిస్తుంది? పైగా 2025 మేలో రాజుమోన్ కేసులో, స్కిజోఫ్రీనియా విషయంలోనే, కారణాలు రాయని బోర్డు అభిప్రాయాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. 1982 నియమాల్లో తొమ్మిదోది సహేతుకమైన సందేహం ఉంటే లాభం అర్జీదారుకే అంటోంది. అప్పులు, ఇంటి గొడవలు, తాగుడు కూడా కారణాలు కావచ్చు కదా అంటారు. కావచ్చు. ఏకైక కారణమై ఉండాలని ఏ నియమమూ అడగలేదు. తాగుడు చాలా చోట్ల నొప్పికి మందుగా మొదలైందన్నదీ మరవకూడదు.

అమెరికా ఈ దారి ఎప్పుడో వేసుకుంది. అక్కడి ఫెడరల్ నిబంధనల 38వ శీర్షికలో 3.310 అనే నియమం, సర్వీసు గాయం వల్ల పుట్టిన రెండో జబ్బును కూడా సర్వీసుదిగానే చూస్తుంది. 1995 నాటి ఆలెన్ తీర్పు తర్వాత, రెండో జబ్బు ముందునుంచీ ఉండి గాయం వల్ల ముదిరినా ముదిరిన మేరకు పరిహారం ఉంది. 2018లో సాండర్స్ కేసులో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఇంకో అడుగు వేసింది: పేరుపెట్టగల రోగం ఏదీ కనపడకపోయినా, మనిషి పనితనాన్ని దెబ్బతీసే నొప్పి తనంతట తనే వైకల్యం కావచ్చంది. అక్కడ ఈ దారిలో దొంగ అర్జీలు పెరిగాయని విమర్శ ఉంది. దానికి జవాబు కాగితాల్లోనే దొరుకుతుంది, దారి మూసేయనక్కర్లేదు.

మన దగ్గర ఆ కాగితాలు మరీ పదిలం. జవాను వైద్య చరిత్ర సొంత నోటి మాట కాదు. సిక్ రిపోర్టు తేదీలు, ఇంజరీ రిపోర్టు, ఎమ్మై రూమ్‌లో ఇచ్చిన నొప్పి మాత్రలు, కేటగిరీ తగ్గించిన ఉత్తర్వులు, మానసిక వైద్యుడికి తొలిసారి పంపిన చీటీ అన్నీ సర్కారు దగ్గరే ఉంటాయి. వాటిని వరుసగా పేర్చితే ఏది ముందో తెలుస్తుంది. దీని విలువ లెక్కలో చూడొచ్చు. నడుం 15 శాతం, సర్వీసు వల్లే. కుంగుబాటు 40 శాతం, ఎన్‌ఏఎన్‌ఏ అనుకుందాం. ఒప్పంద కాలం పూర్తిచేసి దిగిపోయిన మనిషికి 20 శాతం గీత దాటలేదని వైకల్య భాగం మొత్తం పోతుంది. రెండో వరుసను మొదటిదానికి ముడివేస్తే ఆ 40 ఒక్కటే చాలు, సగానికి తక్కువైనదాన్ని 50కి పెంచే నియమం వర్తిస్తుంది. ఒక గడిలో రాసే ఒక్క మాట మీద జీవితాంతపు పింఛను ఆధారపడి ఉంది. 2023 సెప్టెంబరు 21 నుంచి కొత్త అర్హతా నియమాలు వచ్చాయి, వైకల్య భాగం పేరు కూడా ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అయింది. అంతకుముందు దిగిపోయినవాళ్ల అర్జీలు మాత్రం పాత నియమాల మీదే నడుస్తాయి. సాయుధ దళాల ట్రిబ్యునల్ చెన్నై బెంచ్ పరిధిలోకి వచ్చే తెలుగు రాష్ట్రాల మాజీ సైనికులు, వారి వకీళ్లు బోర్డును అడగాల్సింది ఒకటుంది: కుంగుబాటు వరుసలోని కారణాల గడిలో, పై వరుసలోని నడుంనొప్పి పేరెత్తి, అది దీనికి కారణం ఎందుకు కాదో రాయమనాలి.