రెండోసారి దొరికితే

కొత్తపేట చౌరస్తాలో మెట్రో స్తంభాల నీడన బండి ఆపే కానిస్టేబుల్ ముందు మన మొహం చూడడు, నంబర్ ప్లేటు చూస్తాడు. ట్యాబులో నంబరు కొట్టగానే పాత చలాన్లన్నీ బారుగా దిగుతాయి: హెల్మెట్ లేదు, రాంగ్ రూట్, మళ్లీ హెల్మెట్. మనం ఎప్పుడో మరిచినవీ అందులో ఉంటాయి. రెండో తప్పుకు శిక్ష పెంచాలంటే మొదటిది ఎవరికో ఒకరికి గుర్తుండాలి మరి.

ఒకప్పుడు ఆ గుర్తు ఒంటిమీదే పెట్టేవారు. మూటలు కత్తిరించే దొంగకు మొదటిసారి బొటనవేలు, చూపుడువేలు తీసేయమంది యాజ్ఞవల్క్య స్మృతి. రెండోసారికి ఒక చెయ్యి, ఒక కాలు. తెగిన వేళ్లే పాత నేరానికి రుజువు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్యనే 13వ శతాబ్దిలో కేతన పద్యాల్లో తెలుగు చేశాడు.

1860 నాటి భారత శిక్షాస్మృతి 75వ సెక్షన్ దొంగతనం వంటి నేరాల్లో రెండోసారి శిక్ష పడేవాడికి పదేళ్ల జైలు, యావజ్జీవం దాకా వీలిచ్చింది. కానీ పేరు మార్చుకుని పక్క జిల్లాకు పోతే పట్టుకునేదెలా? వేలిముద్రలే దారి చూపాయి. 1897లో కలకత్తాలో వాటికోసం బ్యూరో పెట్టారు. ముద్రలను వర్గీకరించే పద్ధతిని తీర్చడంలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్‌ల శ్రమ చాలా ఉంది.

ఆ సిరా ఎరుకల కుటుంబాల వేళ్లకూ అంటింది. నేరస్థ జాతుల చట్టం కింద బాపట్ల దగ్గర స్టువార్టుపురంలో వాళ్లను స్థిరపరిచి కాపలా పెట్టారు. 1924లో వచ్చిన దాని కొత్త రూపం ప్రకారం, నేరస్థ జాతిగా జాబితాకెక్కిన మనిషికి కొన్ని నేరాల్లో రెండోసారి శిక్ష పడితే కనీసం ఏడేళ్లు, మూడోసారికి యావజ్జీవ ద్వీపాంతరవాసం. పక్క ఊరివాడికి అదే నేరానికి ఆ లెక్క లేదు. ఇది శిక్షను పెంచడం కాదు, పుట్టుకనే మొదటి నేరంగా రాసుకోవడం.

రోడ్డు చట్టాలు ఇంత కఠినం కావు. 1988 మోటారు వాహనాల చట్టంలో తాగి నడిపితే 2,000 దాకా జరిమానా, మూడేళ్లలో మళ్లీ దొరికితే 3,000 దాకా. 2019 సవరణ వాటిని 10,000, 15,000 చేసింది. 2017 ఆగస్టులో తెలంగాణ తప్పుకిన్ని పాయింట్లు లెక్కించే పద్ధతి తెచ్చింది. హెల్మెట్ లేకపోతే 1, తాగి బైకు నడిపితే 3. 24 నెలల్లో 12 చేరితే లైసెన్సు ఏడాది పాటు పోయేది, మళ్లీ చేరితే రెండేళ్లు, ఆపైన మూడేళ్లు.

నాకు ఇందులో నచ్చింది ఆ 24 నెలలే. గడువు దాటిన పాయింటు లెక్కకు వచ్చేది కాదు. స్టువార్టుపురంలో పుట్టిన పిల్లవాడికి అలాంటి గడువు 1947లో మద్రాసు రాష్ట్రంలో నేరస్థ జాతుల చట్టం రద్దయ్యేదాకా రాలేదు.