వింటినారిని విడుచు వ్రేలు

ఢిల్లీ నగరమునకు నైరుతి దిక్కున నున్న గురుగ్రామము ద్రోణాచార్యునకు గురుదక్షిణగా లభించిన గ్రామమని స్థానికుల నమ్మకము. చిరకాలము గుడ్‌గాఁవ్ అని పిలువబడిన యీ యూరికి 2016లో ప్రభుత్వము పాతపేరును మరల స్థిరపరచినది. అచటనే ఖాండ్సా యను చోట ఏకలవ్యునకు చిన్న గుడి యొకటి కలదు. అతడు బొటనవ్రేలు కోసి యిచ్చిన తావిదియే యందురు. కథ యందరు నెఱిగినదే. కాని మహాభారతమందు ఆ కథ చివర వచ్చు చిన్నమాటను పలువురు గమనింపరు. వ్రేలు పోయిన పిమ్మట ఏకలవ్యుడు విల్లు విడిచిపెట్టలేదు. మిగిలిన వ్రేళ్లతోనే బాణము వేసెను. పూర్వపు లాఘవము మాత్రము లేకపోయెను.

గురువడిగినది కుడిచేతి యంగుష్ఠము. అనగా వింటిని పట్టు చేతిది కాదు, నారిని లాగు చేతిది. నారిని ఏ వ్రేలు లాగవలెను, ఏ వ్రేలు విడువవలెను అను ప్రశ్న యెంత ప్రాచీనమో దీనినిబట్టి యూహింపవచ్చును. వసిష్ఠుని పేర ప్రచారమందున్న ధనుర్వేద సంహిత నారిని పట్టుటకు పతాక, వజ్రముష్టి, సింహకర్ణము, మత్సరి, కాకతుండి యని యైదు ముష్టులను చెప్పినది. వీని భేదమంతయు బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని గల కూర్పునందే యున్నది.

పాశ్చాత్యులలో ఈ విషయమును శాస్త్రీయముగా పరిశీలించినవాడు ఎడ్వర్డ్ మోర్స్ అను అమెరికా జంతుశాస్త్రజ్ఞుడు. జపానులో కొంతకాలము అధ్యాపకుడుగా నుండివచ్చిన యీతడు 1885లో బాణమును విడుచు పద్ధతులపై గ్రంథము వెలువరించి, వానిని ఐదు తెగలుగా విభజించెను. అందు ముఖ్యమైనవి రెండు. వ్రేళ్ల కొనలతో నారిని లాగుట మధ్యధరా పద్ధతి. ఆంగ్లేయుల నిలువెత్తు విల్లు దీనితోనే పనిచేసెను. బొటనవ్రేలిని నారికి కొక్కెమువలె తగిలించి, దాని గోటిపై చూపుడువ్రేలిని గొళ్లెముగా బిగించుట మంగోలు పద్ధతి.

ఢిల్లీని పాలించిన తురుష్కులును, పిదప మొగలులును ఈ రెండవదానినే యవలంబించిరి. కారణము వారి విల్లే. కొమ్ము, నరము, కొయ్య కలిపి యతికిన ఆ పొట్టి విల్లును గుఱ్ఱముపైనుండి పూర్తిగా లాగినప్పుడు నారి తీక్ష్ణమైన కోణముగా వంగును. మూడు వ్రేళ్లు అందు నలిగిపోవును. ఒక్క బొటనవ్రేలైనచో సులభముగా ఇముడును. అయినను బలమైన వింటినారి చర్మమును కోయక మానదు. అందుచే జిహ్‌గీర్ అను ఉంగరము పుట్టినది. కొమ్ముతోను, దంతముతోను, లోహముతోను చేసినవి పనికొఱకు. జేడు రాతితోను, బంగారముతోను చేసినవి హోదాకొఱకు. షాజహాను బిరుదమైన ‘సాహిబ్ కిరాన్-ఎ-సానీ’ చెక్కిన జేడు ఉంగర మొకటి నేటికిని హైదరాబాదులోని సాలార్జంగ్ ప్రదర్శనశాలలో చూడవచ్చును. ఆ చక్రవర్తిదే రత్నఖచితమైన మఱియొకటి 1739లో నాదిర్ షా కొల్లగొట్టిన ఢిల్లీ సంపదతో పోయి, 1741లో అతని రాయబారులు తెచ్చిన కానుకలలో నొకటిగా రష్యా రాజధాని చేరినది.

వేట ఆ ప్రభువులకు వినోదమే కాదు, సైనికాభ్యాసము కూడ. పదునాల్గవ శతాబ్దిలో ఫిరోజ్ షా తుగ్లక్ ఢిల్లీ గుట్టలపై కట్టించిన వేటమహళ్ల శిథిలములు నేటికిని గలవు. విమానాశ్రయము వెలసిన పాలం ప్రాంతము జహంగీరు కాలమున పేరుపొందిన వేటభూమి. తన పండ్రెండవ యేటినుండి యేబదియవ యేటివఱకు తన యెదుట వేటలో పడిన మృగపక్షుల సంఖ్య 28,532 అనియు, వానిలో తన చేతితో చంపినవి 17,167 అనియు ఆ చక్రవర్తి స్వయముగా వ్రాయించుకొనెను. ఆ లెక్కలో తుపాకితో కొట్టినవియు గలవు. తుపాకి బలపడిన కొలది ఉంగరము వ్రేలినుండి నడికట్టునకును, అచటినుండి అద్దాల పెట్టెలోనికిని చేరినది.

ఉంగరమునకు వారసులు పుట్టినది అమెరికాలో. హాలిస్ విల్బర్ ఎలెన్ అను నతడు వింటి కొనలకు కప్పీలు అమర్చు కల్పనకు 1966లో దరఖాస్తు పెట్టి, 1969లో పేటెంటు పొందెను. కాంపౌండు విల్లనబడు దీనిని పూర్తిగా లాగిన పిమ్మట చేతిపై భారము చాలవఱకు తగ్గును. కనుక వేటకాడు గుఱి నిలిపి కొంత సేపు వేచియుండవచ్చును. ఇక చిక్కంతయు విడుచు క్షణమునందే. దానికై వచ్చిన పరికరములలో రెండు ప్రసిద్ధములు.

మొదటిది మణికట్టునకు పట్టీతో బిగించునది. భారమంతయు మణికట్టు వహించును, మీటను చూపుడువ్రేలు నొక్కును. చెట్టెక్కినను, చీకటిలో నడచినను అది జారిపోదు. చలికి చేతితొడుగు వేసికొన్నను పనిచేయును. దీని లోపము యంత్రములో లేదు, వ్రేలిలో నున్నది. పుట్టినది మొదలు ప్రతి పనికిని ముందుకు దూకు నలవాటు చూపుడువ్రేలిది. లేడి కనబడగానే గుఱి కుదిరియు కుదరకమునుపే మీటను లాగివేయును. బాణము గుండెకు గాక పొట్టకు తగిలినచో ఆ మృగము గంటలకొలది బాధపడి, యే పొదలోనో చచ్చును.

రెండవది అరచేత పట్టుకొనునది. భారము తక్కిన వ్రేళ్లు మోయును. బొటనవ్రేలు మీటపై ఊరక ఆనియుండును. విలుకాడు వీపు కండరములు బిగించి వెనుకకు లాగుచుండగా, తనకే తెలియని క్షణమున నారి వీడును. గుఱికి ఇదియే మేలు. కాని చేతినుండి జారి ఆకులలో పడినచో ఆనాటి వేట ముగిసినట్లే. కొందఱు దీనిని నారికి తగిలించియే యుంచుటచే ఆ భయము తీర్చుకొందురు.

పేరునుబట్టి ఈ రెండవదే మొగలుల ఉంగరమునకు బంధువని తోచును. నిజము వేఱు. ఆ ఉంగరమున బొటనవ్రేలు కూలివలె బరువు మోసెను. విడుపునకు అధికారి చూపుడువ్రేలు. మణికట్టు పరికరమందును అధికారి చూపుడువ్రేలే. బరువు మాత్రము మణికట్టునకు బదిలీ యైనది. అరచేతి పరికరములో బొటనవ్రేలికి బరువు తప్పి అధికారము దక్కినది. షాజహాను విలుకాండ్రు నేడు వచ్చినచో మణికట్టు పట్టీనే త్వరగా నేర్తురు.

భారతదేశమున వీనిని వేటకు వాడుట నేరము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఆయుధములను నిర్వచించుచు విల్లంబులను కూడ పేర్కొన్నది. ఇచట ఈ పరికరముల గుఱి కాగితపు లక్ష్యమే. 2010లో కామన్వెల్తు క్రీడలు ఢిల్లీలో జరిగినప్పుడు కాంపౌండు జట్టు పోటీలో రజతము గెలిచిన మువ్వురిలో తెలుగువాడు చిట్టిబొమ్మ జిజ్ఞాస్ ఒకడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో విజయవాడ యువతి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండు వింటితో మూడు స్వర్ణములు సాధించెను. అదే క్రీడలలో అదే నగరమునుండి వచ్చిన బొమ్మదేవర ధీరజ్ రికర్వు జట్టులో రజతము పొందెను. రికర్వు నియమములు మీటను అంగీకరింపవు. అతడు నారిని విడిచినది వ్రేళ్లతోనే. ఒలింపిక్ క్రీడలలో సయితము ఇంతవఱకు వ్రేళ్ల విడుపునకే చోటు. 2028లో లాస్ ఏంజిల్స్‌లో జరుగవలసిన క్రీడలకు కాంపౌండు మిశ్రమ జట్టు పోటీని చేర్చియున్నారు.