ఎండ లెక్క

ఎండకు ఖరీదు లేదు. అందుకేనేమో దాని పేరు మీద హామీలివ్వడం కూడా తేలిక. "మేడ మీద ఒక పెట్టె పెడితే చాలు, ఇంటిల్లిపాదికీ వేడినీళ్లు" అన్న మాట వందేళ్లకు పైగా వినిపిస్తూనే ఉంది. అందులో నిజమెంతో తేల్చే పద్ధతీ పాతదే. అది మనమందరం బడిలో నేర్చుకున్నదే.

1767లో జెనీవా శాస్త్రవేత్త ద సోసూర్ వేడి బయటికి పోకుండా కట్టిన పెట్టెకు గాజు పలకలు బిగించి ఎండలో పెట్టాడు. లోపలి వేడి నీరు మరిగే స్థాయిని దాటింది. చల్లగాలి ఉన్నచోట ఏమవుతుందోనని ఆ పెట్టెను ఆల్ప్స్ కొండ మీదికి తీసుకెళ్లి చూశాడు. పైన చలి ఎక్కువే, అయినా లోపలి వేడి దాదాపు అంతే ఉంది. నేటి సోలార్ హీటర్లకు ఆ పెట్టే ముత్తాత.

అసలు ఎంత ఎండ పడుతోందో కొలవడానికి మరో 70 ఏళ్లు పట్టింది. 1838 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో క్లోడ్ పూయే ఆ పని చేశాడు. ఇప్పటి లెక్క ప్రకారం వాతావరణం పైన చదరపు మీటరుకు 1,361 వాట్లు. మబ్బులేని మధ్యాహ్నం నేలకు చేరేది సుమారు 1,000 వాట్లు. అద్దాలు ఎండను ఒకచోటికి పోగుచేస్తాయే కానీ కొత్తగా పుట్టించవు.

1878లో రెండు విశేషాలు జరిగాయి. పారిస్ ప్రదర్శనలో ఆగస్టిన్ మూషో ఎండ వేడితోనే మంచుగడ్డ తయారుచేసి జనాన్ని ఆశ్చర్యపరిచాడు. అదే ఏడాది మన బొంబాయిలో విలియం ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు సౌరతాపంపై ఒక పుస్తకం ప్రచురించాడు. తన అద్దాల పొయ్యి ఏడుగురు సైనికుల భోజనాన్ని జనవరి నెలలో రెండు గంటల్లో వండుతుందని చెప్పాడు. ఎంతమందికి, ఎంతసేపట్లో, ఏ నెలలో అన్నవి మూడూ చెప్పాడు కనుక ఎవరైనా సరిచూసుకోవచ్చు. మంచి హామీ అంటే అలా ఉండాలి.

1891లో అమెరికాలో క్లారెన్స్ కెంప్ నల్లరంగు వేసిన నీటి తొట్లను గాజుమూత పెట్టెలో పెట్టి 'క్లైమాక్స్' పేరుతో అమ్మాడు. సాయంత్రానికి నీళ్లు వేడిగానే ఉండేవి, తెల్లారేసరికి చల్లారిపోయేవి. 1909లో విలియం బెయిలీ ట్యాంకును వేరుచేసి, వేడి పోకుండా చుట్టూ కట్టుదిట్టం చేశాడు. దానికి 'డే అండ్ నైట్' అని పేరు పెట్టాడు. మన మేడల మీద కనిపించే పద్ధతి అదే.

1913లో ఫ్రాంక్ షూమన్ కైరో దగ్గర మాదీలో సుమారు 1,200 చదరపు మీటర్ల అద్దాలతో ఆవిరి యంత్రం నడిపి నీళ్లు తోడించాడు. దాని శక్తి 60-70 హార్స్‌పవర్, అంటే 50 కిలోవాట్ల ప్రాంతం. అద్దాల మీద పడిన ఎండలో అది ఇరవయ్యో వంతు. నీళ్లు కాచడం వేరు, యంత్రం తిప్పడం వేరు. మొదటిదానికి ఎండ ధారాళంగా పనికొస్తుంది, రెండోదానికి అందులో చాలా భాగం వృథా అవుతుంది.

ఇక మన లెక్క. ద్రవ్యరాశి, విశిష్టోష్ణం, ఉష్ణోగ్రతలో మార్పు: ఈ మూడింటి లబ్ధమే కావలసిన వేడి. 100 లీటర్లను 20 నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 4,000 కిలోకేలరీలు, కరెంటు భాషలో సుమారు 4.65 యూనిట్లు కావాలి. మన ప్రాంతంలో ఏడాది సగటున రోజుకు చదరపు మీటరుకు 5 యూనిట్లకు తక్కువ కాని ఎండ పడుతుంది. రెండు చదరపు మీటర్ల పలకకు 10 యూనిట్లు. అందులో సగం నీళ్లలోకి చేరితే పని బాగున్నట్టే. కాబట్టి 100 లీటర్లకు రెండు చదరపు మీటర్లు అన్నవారి మాట నమ్మవచ్చు.

మన హాస్టల్‌కు స్వర్ణోత్సవ కానుకగా సోలార్ వేడినీళ్లు ఇవ్వాలని సంఘం అనుకుంటున్న సంగతి మీకు తెలుసు. వచ్చిన ధరల పత్రాలు చూసే పని నాకు అప్పగించారు. వాటిలో అన్నిటికంటే చవకైనది 20 చదరపు మీటర్ల పలకలతో 2,000 లీటర్లు, 60 డిగ్రీలు అంటోంది. దానికి 93 యూనిట్లు కావాలి, పడేది 100. నూటికి 93 పాళ్లు పట్టడం ప్రకృతి నియమానికి విరుద్ధం కాదు కానీ, ఇలాంటి గాజు పలకలతో అయ్యే పనీ కాదు.

అలాగని పత్రాన్ని చించేయనక్కరలేదు. స్నానానికి 40 డిగ్రీలు చాలు. 60 డిగ్రీల 1,000 లీటర్లకు అంతే చన్నీళ్లు కలిపితే 40 డిగ్రీల 2,000 లీటర్లు అవుతాయి. తలా ఒక 20 లీటర్ల బకెట్ చొప్పున వందమంది పిల్లలకు సరిపోతాయి. దీనికి 20 చదరపు మీటర్లు చాలు. ట్యాంకు 1,000 లీటర్లదే తీసుకుంటే ఖర్చు కూడా కలిసొస్తుంది. వానాకాలపు మబ్బు రోజులకు మాత్రం కరెంటు కాయిల్ తప్పదు. "ఏడాది పొడవునా కరెంటు లేకుండా" అన్న వాక్యాన్ని ఒప్పందంలోంచి కొట్టేయమని నా సలహా.

సంతకానికి ముందు అమ్మేవారిచేత నాలుగు అంకెలు కాగితం మీద రాయించుకుందాం: ఎన్ని లీటర్లు, ఎన్ని డిగ్రీలు, ఎన్ని చదరపు మీటర్లు, ఏ నెలలో. మిగతా లెక్క హాస్టల్లోని పదో తరగతి పిల్లలే వేసి చూపిస్తారు.