విషకన్యకు నోరు వచ్చిన వేళ



విశాఖదత్తుని 'ముద్రారాక్షసం' చదువుకొన్న నాటినుండి నన్నొక సందేహం వెంటాడుతూ ఉండేది. చంద్రగుప్తుని చంపడానికి రాక్షసమంత్రి పంపిన విషకన్య, చాణక్యుని యుక్తివలన పర్వతకుని ప్రాణం తీసింది. ఇంతకూ ఆ పిల్ల మనసులో ఏమున్నది? నాటకంలో ఆమె రంగస్థలం మీదకే రాదు. ఇరుపక్షాలకూ ఆమె ఒక ఆయుధం మాత్రమే.

ఈ మధ్య మా మనుమరాలు చదువుతున్న ఆంగ్ల నవలలో నాకా కన్య మరల కనబడింది. రాబిన్ లాఫీవర్స్ అనే అమెరికన్ రచయిత్రి 2012లో వెలువరించిన 'గ్రేవ్ మెర్సీ' అది. కథాస్థలం 15వ శతాబ్దపు బ్రిటనీ. నేటి ఫ్రాన్సు దేశానికి వాయవ్య భాగం. కథానాయిక ఇస్మే పల్లెపడుచు. తండ్రి చేసిన బలవంతపు పెండ్లినుండి తప్పించుకొని, మృత్యుదేవతను కొలిచే సన్న్యాసినుల మఠం చేరి, హత్యావిద్య నేరుస్తుంది. విషం ఆమెనేమీ చేయదు.

మఠం కల్పితం. మఠంవారు ఆమెను పంపిన రాజసభ మాత్రం కల్పితం కాదు. అది బ్రిటనీ ఏలిక ఆన్ కొలువు.

ఆన్ 1477లో జన్మించింది. 1488లో బ్రిటనీ యుద్ధంలో ఓడగా, ఫ్రెంచి రాజు సమ్మతి లేనిదే కుమార్తెలకు వివాహం చేయనని ఆమె తండ్రి సంధికి ఒప్పుకొని, కొద్ది వారాలకే కన్నుమూశాడు. పదకొండేండ్ల పిల్లపై రాజ్యభారం పడింది. 1490లో ఆమె ఆస్ట్రియా మాక్సిమిలియన్‌ను ప్రతినిధి ద్వారా పెండ్లాడింది. ఫ్రెంచి సేనలు రెన్ నగరాన్ని ముట్టడించాయి. 1491 డిసెంబరులో ఆ ఫ్రెంచి రాజునే, ఎనిమిదవ చార్లెస్‌నే, వివాహమాడక తప్పలేదు. అతడు పుత్రసంతానం లేక మరణిస్తే తరువాతి రాజును చేసుకోవాలని ఒడంబడిక! 1499లో అదీ జరిగింది. అయితే ఈసారి బ్రిటనీ పాలన తన చేతిలో ఉండేటట్లు షరతులు వ్రాయించుకొన్నది. ఆమె 1514లో గతించింది. 1532లో బ్రిటనీ ఫ్రాన్సులో కలిసిపోయింది.

పెండ్లినుండి పారిపోగలిగిన కల్పిత కన్యను, పారిపోలేని చారిత్రక కన్య చెంత కాపలా నిలపడంలోనే ఈ నవల సారమున్నదని నా అభిప్రాయం. ఇస్మే సైతం మొదట మఠం చేతి ఆయుధమే. ఎవరిని చంపవలెనో, ఎవరిని విడువవలెనో తానే విచారించుకొన్న నాడు మనిషి అయింది. పిల్లలకు ఇంత రక్తపాతమెందుకని మొదట విసుగుకొన్న నేను, అక్కడ ఆగిపోయాను.

విషకన్య కథ మా మనుమరాలికి చెప్పాను. అంతా విని, "తర్వాత ఆ అమ్మాయి ఏమైంది తాతయ్యా?" అన్నది.

ఇన్నేండ్లు చదివినా నాకు తోచని ప్రశ్న అది.