పెంపకపు చేపల్లో ఎముకల ఎదుగుదల, ఖనిజాలు

పెంపకపు చేపల అస్థి వికాసం అంటే చెరువుల్లో పెరిగే చేపపిల్లల మృదులాస్థి, అనగా మెత్తని ఎముక, కాల్షియం, ఫాస్ఫరస్ లవణాలు చేరి క్రమంగా గట్టిపడే ప్రక్రియ. కొన్ని ఎముకలు మాత్రం మృదులాస్థి దశ లేకుండానే పొరల్లో నేరుగా ఏర్పడతాయి. శీలావతి, బొచ్చె వంటి కార్పు జాతుల్లో మొదటి నాలుగు వెన్నుపూసల భాగాలు గాలితిత్తి ప్రకంపనలను లోపలి చెవికి చేర్చే చిన్న ఎముకలుగా రూపాంతరం చెందుతాయి. తినేవారిని ఇబ్బంది పెట్టే సన్నని ముళ్లు కండరాల నడుమనున్న పొరల్లో గట్టిపడినవే.

కాల్షియంను చేప మొప్పల ద్వారా నీటి నుంచే గ్రహించగలదు. నీటిలో స్వల్పంగా ఉండే ఫాస్ఫరస్ మాత్రం ప్రధానంగా మేత ద్వారానే అందాలి. తవుడులో, నూనెగింజల చెక్కలో ఫాస్ఫరస్ అధికభాగం ఫైటేట్ రూపంలో బంధించబడి ఉండటం, దానిని విడదీసే ఫైటేజ్ ఎంజైము చేపలో తగినంత లేకపోవడం వల్ల ఆ మేతలో ఉన్న ఫాస్ఫరస్ అంతా ఒంటబట్టదు. కార్పులకు జీర్ణాశయం, అందులో ఊరే ఆమ్లం లేవు కనుక చేపపొడిలోని ఎముక ఫాస్ఫరస్ కూడా వాటికి సరిగా అరగదు. సులభంగా కరిగే మోనోకాల్షియం ఫాస్ఫేట్ మెరుగ్గా పనిచేస్తుంది. ఫాస్ఫరస్ లోపిస్తే ఎదుగుదల మందగించి, ఎముకల్లో ఖనిజాలు తగ్గి, తల, వెన్ను వికృతమవుతాయి. విటమిన్ సి లోపం కూడా వెన్నును వంచుతుంది. ఫాస్ఫరస్ మితిమీరితే చెరువులో నాచు పెరుగుతుంది.

కొల్లేరు సరస్సు పరిసరాల్లో ఇలా పెంచే చేపలకు పశ్చిమ బెంగాల్ పెద్ద మార్కెట్టు. ఆ రాష్ట్రంలోని ఖరగ్‌పూర్‌లో, 1951లో ఏర్పడిన ఐఐటీలోని వ్యవసాయ, ఆహార ఇంజినీరింగ్ విభాగం జలచరాల పెంపకపు ఇంజినీరింగును బోధిస్తుంది.